పిట్టమ్మ ఏదని అడిగిన గొంతు

శవాల గది ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉప్మా తిన్న మనిషిని నేను. దయ్యాలు లేవని వాదించే ఓపిక కూడా నాకెప్పుడూ ఉండేది కాదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయేదాన్ని. ఎమర్జెన్సీ డాక్టరుగా ఇన్నేళ్లలో నా కళ్ల ముందే చాలామంది పోయారు. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. పలకరిస్తే నాకే మంచిది, వైద్యం ఎక్కడ తప్పిందో అడిగి తెలుసుకుంటానని జూనియర్ల దగ్గర నవ్వుతూ అనేదాన్ని.

ఇప్పుడు అలా అనడం మానేశాను. నమ్మకం కుదిరి కాదు. నవ్వు రావడం లేదు, అంతే.

మా ఆస్పత్రి శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది. పేరు ఇక్కడ అనవసరం. హైవే దగ్గర కాబట్టి యాక్సిడెంట్ కేసులకు కొదవ లేదు. కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లకు దెబ్బలు తగిలి వచ్చిన మనిషిని ఎలా చూడాలో, ఏది ముందు, ఏది తర్వాత అన్నది నేర్పడం నా పని. ముందు ఊపిరి ఆడుతుందా, రక్తం పోతుందా, ఆ తర్వాత తల నుంచి కాళ్ల దాకా. పరీక్షలో ఇదంతా అందరూ గడగడా రాసేస్తారు. ఎదురుగా మనిషి రక్తం కారుతూ పడి ఉంటే మాత్రం సగం మందికి చేతులు కదలవు. అందుకని వాళ్ల చేత డ్రిల్లు చేయిస్తాను.

డ్రిల్లు అంటే ఒక రకంగా నాటకమే. జూనియర్లలో ఒకరు పేషెంటుగా స్ట్రెచర్ మీద పడుకుంటారు. ఎర్ర రంగు పూస్తాం, చింపడానికి వీలుగా పాత చొక్కా తొడుగుతాం. మిగతావాళ్లు వైద్యం చేస్తారు. చాలాచోట్ల ఈ పని రబ్బరు బొమ్మతో కానిస్తారు. మాకూ ఒక బొమ్మ ఉంది. కానీ బొమ్మ మాట్లాడదు, నాకు మాటలు కావాలి.

ఎందుకంటే నేను మహేశ్వరం వైపు పల్లెలో రైతుల ఇంట్లో పుట్టినదాన్ని. మా జూనియర్లలో ఎక్కువమంది కోస్తావాళ్లు, కొందరు విదేశాల్లో చదివొచ్చినవాళ్లు. ఇక్కడి ముసలామె వచ్చి "దమ్మొస్తుంది బిడ్డా" అంటే ఆయాసమని తెలియక తెల్లమొహం వేస్తారు. "సోయి లేకుండ పడ్డడు" అంటే స్పృహ తప్పాడని నేను విడమరిచి చెప్పాలి. అలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. ఇంత చదువు చదివి ఊళ్లో మాట అర్థం కాకపోతే పశువుల డాక్టరయ్యుంటే సరిపోయేది, అవైతే మాట్లాడవు అంటాను. వాళ్లకు అలవాటైపోయింది, ఎవరూ నొచ్చుకోరు.

డ్రిల్లులో పేషెంటుగా పడుకున్నవాళ్లకు నేను పెట్టిన నియమం ఒక్కటే. అడిగినదానికే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పకూడదు.

ఈ నియమం ఒక ప్రశ్న కోసం పెట్టాను. "బండిలో మీతో ఇంకెవరున్నారు?" ఇది అడగాలని ఎన్నిసార్లు చెప్పినా మా పిల్లలు మర్చిపోతారు. కళ్ల ముందున్న మనిషిని బతికించే తొందరలో కళ్ల ముందు లేని మనిషి గుర్తుకు రారు. అంబులెన్స్‌వాళ్లు కనిపించినవాళ్లను తెస్తారు. ఎగిరి పొదల్లో పడ్డవాళ్లు అక్కడే ఉండిపోతారు. నా అనుభవంలో అలా జరిగింది, అందుకే నాకది పట్టుదల. ప్రతి డ్రిల్లులోనూ కనిపించని మనిషిని ఒకరిని దాచిపెడతాను. అడిగితేనే పేషెంటు చెప్పాలి. చాలాసార్లు ఎవరూ అడగరు, డ్రిల్లు అయిపోయాక నా చేత చీవాట్లు తింటారు.

ఆ రోజు ఎండాకాలం ఉదయం. పేషెంటుగా పడుకున్నది శ్రీహర్ష. తణుకు కుర్రాడు, మా దగ్గర చేరి కొన్ని వారాలే అయింది. "అండి" లేకుండా వాక్యం పూర్తిచేయడు. ఆటో డ్రైవర్లనూ "ఏవండీ" అని పిలుస్తాడని అందరూ ఆటపట్టించేవాళ్లు. బృందానికి నాయకురాలు అమూల్య అనే గుంటూరు అమ్మాయి. చురుకైనది, కాస్త కంగారు మనిషి. శ్రీహర్షకు నేను చెప్పింది ఇంతే: నువ్వు బైకు మీద నుంచి పడ్డావు, కాలు విరిగింది, వెనక నీ స్నేహితుడు కూర్చున్నాడు, అడిగితేనే చెప్పు.

డ్రిల్లు బాగానే సాగింది. అమూల్య వరస తప్పకుండా చేయించింది. ఊపిరి చూసింది, రక్తం ఆపించింది, నలుగురి చేత పేషెంటును ఒకేసారి పక్కకు తిప్పించి వీపు చూసింది. ఇంకెవరున్నారని మాత్రం అడగలేదు. షరా మామూలే అనుకుని డ్రిల్లు ఆపమని చెప్పడానికి నేను నోరు తెరవబోయాను.

అప్పుడు శ్రీహర్ష అమూల్య మణికట్టు పట్టుకున్నాడు.

"నన్ను జూసుడు గాదు. మా పిట్టమ్మ ఏది? గోడ పక్కకు మోరీ ఉంది, అండ్ల పడ్డది. జల్ది తియ్యుండ్రి."

గొంతు మగగొంతే, అతనిదే. పెద్దగా అరవలేదు. కళ్లు తేలేయడం, వణకడం లాంటివేమీ లేవు. ఆ మాటల్లో భయం కూడా లేదు, విసుగుంది. పని మీద ఉన్న తల్లి పిల్ల కనబడక ఇంట్లోవాళ్లను మూడోసారి అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాత చెయ్యి వదిలేసి మామూలుగా పడుకున్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. నియమం తప్పాడని. వెంటనే ముచ్చట కూడా వేసింది, ఎందుకంటే ఆ యాస మాది, మురుగు కాలువను మోరీ అనడంతో సహా. మా మేనత్తలు, చిన్నమ్మలు మాట్లాడే యాస. బయటివాళ్లు దాన్ని పలకబోతే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు, సాగదీస్తారు. అతను ఎక్కడా దొరకలేదు.

డ్రిల్లు ఆపి, "ఎవరు నేర్పిన్రు నీకు గింత మంచిగ? పేషెంటే గుర్తుచేయాల్సి వచ్చింది చూడు అమూల్యా" అన్నాను. అందరూ నవ్వారు.

శ్రీహర్ష లేచి కూర్చుని, "నేనేం మాట్లాడలేదండి. మీరెప్పుడు ఆపుతారా అని చూస్తున్నానండి" అన్నాడు. మళ్లీ నవ్వారు. అతను నవ్వలేదు. నా వంక, అమూల్య వంక చూశాడు. మణికట్టు పట్టుకున్నావు కదా అని ఆమె అంటే, "లేదండీ" అన్నాడు. నటన ఇంక చాలని కసిరి అందర్నీ పనికి పంపించేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అంబులెన్స్‌లో ఒకామెను తెచ్చారు. ముప్పై లోపు ఉంటుంది. మామిడిపల్లి దాటాక నీళ్ల ట్యాంకరు ఆటోను కొట్టింది. స్పృహ లేదు. తలకు దెబ్బ, కడుపు ఉబ్బి ఉంది, నాడి అందీ అందనట్టుంది. లోపల రక్తం పోతోందని చూడగానే తెలుస్తోంది. గొంతులో గొట్టం వేసి ఊపిరి అందిస్తూ, రక్తం తెప్పిస్తూ, సర్జనుకు ఫోను చేయిస్తూ నేను ఆ పనిలో పడ్డాను. ఒక విషయం ఇక్కడే చెప్పాలి. ఆమె మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి చివరి దాకా నోరు విప్పలేదు. దారిలోనూ మాట్లాడలేదని అంబులెన్స్‌వాళ్లు చెప్పారు.

అమూల్య ఈసారి మర్చిపోలేదు. పేషెంటు చేతికి సూది పెడుతూనే, అంబులెన్స్ టెక్నీషియన్‌ను అడిగింది, ఆటోలో ఇంకెవరున్నారని.

"ఎవ్వరు లేరు మేడం, ఈమె ఒక్కతే. ఆటో డ్రైవర్‌ను ఇంకో బండిల వేరే దవాఖానకు తీస్కపోయిన్రు. ఆయనకు గూడ సోయి లేదు" అన్నాడతను.

సరే అని ఆమె మళ్లీ పనిలో పడుతుందనుకున్నాను. పడలేదు. సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అక్కడ రోడ్డు పక్కన గోడేమైనా ఉందాండీ? గోడ పక్కన మోరీ?"

"ఉంది మేడం, ప్లాట్ల గోడ. మోరీ గూడ ఉంది. మీకెట్ల ఎరుక?"

అమూల్య నా వంక చూసింది. గదిలో ఉన్న జూనియర్లందరూ శ్రీహర్ష వంక చూశారు. పొద్దున డ్రిల్లులో ఉన్నది వాళ్లే. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది డ్రిల్లు. ఇది పేషెంటు. ఇక్కడ చూడండి" అన్నాను.

అన్నానే గానీ నా మనసు నిలవలేదు. ఆ ప్రాంతమంతా నాకు తెలుసు. నా చిన్నప్పుడు జొన్న చేలు ఉండేచోట ఇప్పుడు ప్లాట్లు, గోడలు. ఏ రోడ్డు పక్కన చూసినా ఒక గోడ, ఒక మోరీ ఉంటాయి. కాబట్టి అందులో వింతేమీ లేదు. మరోపక్క, ఎవరో నాటకంలో అన్న మాట పట్టుకుని అంబులెన్స్‌ను వెనక్కి పంపితే, ఈలోగా ఇంకెక్కడో ఎవరికైనా ఆ బండి అందకపోవచ్చు. అలాంటి తిక్క పని జూనియరు చేస్తే నేను నిలబెట్టి కడిగేసేదాన్ని. కానీ ఒక పిల్ల ఎండలో మోరీలో పడి ఉంటే? ఎవరూ వెతకడం లేదు, ఎందుకంటే పిల్ల ఉందనే ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన మనిషి నా చేతుల కింద ఉంది, చెప్పే స్థితిలో లేదు.

"వెనక్కి పొండ్రి. మోరీల దిగి చూడుండ్రి" అన్నాను టెక్నీషియన్‌తో. అతను వింతగా చూశాడు, కానీ కదిలాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్న శ్రీహర్ష ఎవరూ చెప్పకుండానే అతని వెనక వెళ్లిపోయాడు.

అక్కడ జరిగింది టెక్నీషియన్ తర్వాత నాతో చెప్పాడు. ఆటో పడ్డ చోటికి ఎదురుగా, రోడ్డుకు ఇవతలి వైపు గోడ ఉంది. గోడ వెంట మోరీ, మీద అక్కడక్కడా సిమెంటు పలకలు, చుట్టూ ముళ్ల కంప. జనం గుమిగూడి ఆటోనే చూస్తున్నారట. మోరీలో ఎవరైనా ఉన్నారేమో చూశారా అంటే, ఎవరుంటారని వాళ్లే ఎదురు అడిగారట. శ్రీహర్ష బూట్లతోనే దిగి పలక కిందికి వంగాడు. మూడేళ్ల ఆడపిల్ల, ఒళ్లంతా బురద, తొడ ఎముక విరిగి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందో, ఏడవడానికే శక్తి లేదో.

పిల్లను తీసుకొచ్చేసరికి తల్లిని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నారు. రెండు స్ట్రెచర్లు కారిడార్లో ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్లాయి. ఆ పిల్ల తల్లిని చూసిందో లేదో నాకు తెలియదు. విరిగిన తొడ లోపల రక్తం పోయి, వడదెబ్బ తోడై పిల్ల వడిలిపోయి ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే పోయేది. బతికింది. తల్లి సాయంత్రానికి ఆపరేషన్ బల్ల మీదే పోయింది. సర్జను బయటికొచ్చి తల అడ్డంగా ఊపినప్పుడు నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. పేషెంటు పోతే ఏడ్చే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఎందుకో ఆగలేదు.

నేను ఏడుస్తూ కూర్చునే మనిషిని కాను కాబట్టి ఒక పని చేశాను. బంధువులు ఇంకా రాకముందే, పొద్దున డ్రిల్లులో ఉన్నవాళ్లను విడివిడిగా పిలిచి శ్రీహర్ష ఏమన్నాడో చెప్పమన్నాను. మనుషుల జ్ఞాపకం ఎంత తొందరగా రంగు మారుతుందో నాకు తెలుసు. ఒకడు మోరీ అనలేదు, కాలువ అన్నాడని చెప్పాడు. మిగతా మాటలన్నీ ఒక్కటే. పిట్టమ్మ అన్న పేరు అందరూ చెప్పారు. డ్రిల్లు రికార్డు చేసే అలవాటు మాకు లేదు. చేసి ఉంటే బాగుండేదని ఒకసారి, చేయకపోవడమే మంచిదైందని ఒకసారి అనిపిస్తుంది.

చీకటి పడకముందే పిల్ల అమ్మమ్మ జల్‌పల్లి నుంచి వచ్చింది. కూతురు పోయిన సంగతి దారిలోనే తెలిసిందట. గుండెలు బాదుకుంటూ వచ్చి, పిల్ల మంచం దగ్గర మాత్రం గొంతు తగ్గించింది. పిల్ల పేరు అక్షర అని అంతకుముందే తండ్రి ఫోనులో చెప్పాడు. మా రికార్డులో అదే ఉంది. ముసలామె వంగి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, "పిట్టమ్మా, నేనొచ్చిన బిడ్డా" అంది.

అమూల్య చేతిలో ఉన్న ట్రే పక్కన పెట్టేసి బయటికి వెళ్లిపోయింది. నేను ఆ ట్రే అందుకుని అక్కడే నిలబడ్డాను.

శ్రీహర్షను మర్నాడు కూర్చోబెట్టి అడగని ప్రశ్న లేదు. ఆ కుటుంబం తెలుసా? తెలియదు. మామిడిపల్లి వైపు ఎప్పుడైనా వెళ్లావా? లేదు, హాస్టలూ ఆస్పత్రీ తప్ప ఏమీ తెలియదు. గదిలో ఉండే స్నేహితుడు ఇక్కడివాడా? కాదు, భీమవరం. ఆ మాటల్నే నా ఎదుట మళ్లీ అనమన్నాను. "నన్ను చూసుడు కాదండి" అన్నాడు పాపం. ఇంకో సమయమైతే కడుపుబ్బ నవ్వేదాన్ని. అతనికి ఆ క్షణం గురించి ఏమీ గుర్తు లేదు. మరి ఎవరూ చెప్పకుండా అంబులెన్స్ ఎందుకెక్కావంటే, "మీరంతా నావంకే చూస్తున్నారండి, అక్కడ నిలబడలేకపోయాను" అన్నాడు.

పిల్ల తండ్రి పేరు శ్రీశైలం. ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి డ్యూటీ చేస్తాడు. సామాన్లు ఎక్కించే పని. పొద్దున వచ్చి పడుకుంటాడు. మహేశ్వరం దారిలో ఒక కిరాయి గదిలో ముగ్గురూ ఉండేవాళ్లు. కర్మకాండ అయ్యాక పిల్ల దగ్గరే ఉండిపోయాడు. ఒకరోజు తనంతట తనే నాతో చెప్పాడు.

"నేను పండుకున్న డాక్టరమ్మా. పిల్ల అల్లరి చేస్తుందని, నా నిద్ర పాడైతదని, దాన్ని గూడ ఎంట తీస్కపోయింది. లేకుంటే ఇంట్లనే ఇడిసిపోతుండె."

ఆ రోజు ఎప్పుడు బయల్దేరిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. అన్నం తిన్నాక అన్నాడు. పొద్దంతా ఇంట్లోనే ఉంది, బట్టలు ఉతికింది, పిల్లకు నీళ్లు పోసింది. శంషాబాద్ పోవాలని అప్పటికి అనుకోనేలేదు. పిల్ల సతాయించడంతో అప్పటికప్పుడు లేచి వెళ్లింది.

అంటే మా డ్రిల్లు జరిగే సమయానికి ఆమె బట్టలు ఉతుక్కుంటోంది. ఆటో ఎక్కలేదు, ఎక్కాలనీ అనుకోలేదు. పిట్టమ్మ ఆమె పక్కనే ఆడుకుంటోంది.

నన్ను నిద్రపోనివ్వంది ఇదే. చచ్చిపోయిన తల్లి పిల్ల కోసం తిరుగుతుందంటే, నేను నమ్మకపోయినా, ఆ మాటకు ఒక అర్థముంది. మా అమ్మమ్మ వింటే అవునని తలాడిస్తుంది. కానీ ఆ పొద్దున ఆమె ఒంట్లో ఏ దెబ్బా లేదు. ఏ దెబ్బా తగలని మనిషి మాట, ఇంకా మోరీలో పడని పిల్ల కోసం మా దగ్గరికి ఎలా వచ్చింది? వచ్చినదేదో, ఆటో ఎక్కొద్దని ఆమెకే చెప్పొచ్చు కదా? ఈ ప్రశ్న దగ్గరికొస్తే నాకు కోపమొస్తుంది. ఎవరి మీదో తెలియదు.

పిల్ల కోలుకుంటోంది గానీ నిద్రపోవడం లేదు. పిల్లల వార్డులో నడుము నుంచి కాలిదాకా పిండికట్టు వేసి వెల్లకిలా పడుకోబెట్టాం. నొప్పికి మందులిచ్చాం. నొప్పి తగ్గినా నిద్ర లేదు. కళ్లు మూతలు పడేవి, అంతలో చెయ్యి గాల్లోకి లేపి వెతికేది, ఏమీ దొరక్క ఏడుపు మొదలుపెట్టేది. అమ్మమ్మ జోకొట్టింది, పాట పాడింది. తండ్రి చెయ్యి అందించాడు, బొమ్మ అందించాడు. విసిరికొట్టింది. తల్లి కోసం బెంగ, మెల్లగా మర్చిపోతుంది అని మేమంతా అనుకున్నాం. పిల్లల డాక్టరు తప్పనిసరై నిద్రమందు ఇచ్చేవాడు. బరువు తగ్గిపోతోంది. ఇలాగైతే ఎముక అతికేదెలా అని ఆయన నా దగ్గర విసుక్కున్నాడు. శ్రీశైలం కళ్లు గుంటలు పడిపోయాయి. "ఇంటికి తీస్కపోయి ఏం జేయాలె నేను? దీన్ని పండబెట్టుడు గూడ నాకు రాదు" అన్నాడొకరోజు. భార్య ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు అతను డ్యూటీలో ఉండేవాడు. ఆ గదిలో తల్లీ పిల్లా ఇద్దరే పడుకునేవాళ్లు. పిల్లను ఎలా నిద్రపుచ్చేదో చూసినవాళ్లు ఎవరూ లేరు. పిల్లేమో ఆ రోజు నుంచి ఏడుపే తప్ప ఒక్క మాట మాట్లాడటం లేదు.

శ్రీహర్ష ఆ వార్డు వైపే వెళ్లేవాడు కాదు. ఈ సంగతి నేను ఊరికే చెప్పడం లేదు. వేరే పని మీద పంపినా ఇంకొకరిని బతిమాలి పంపించేవాడు. భయమని నాతో ఒప్పుకున్నాడు. డ్రిల్లులో పేషెంటుగా పడుకోమని నేనూ మళ్లీ అడగలేదు.

డిశ్చార్జికి ముందురోజు సాయంత్రం శ్రీశైలం నా దగ్గరికొచ్చాడు. మోరీలో నుంచి పిల్లను తీసిన సారును ఒక్కసారి చూడాలి, దండం పెట్టుకోవాలి అన్నాడు. శ్రీహర్షను పిలిపించాను. రానంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. వార్డులో పిల్ల అప్పుడే ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది. శ్రీశైలం నిజంగానే వంగి దండం పెట్టబోయాడు. శ్రీహర్ష గాభరాగా వెనక్కి జరిగాడు.

శ్రీశైలం అడిగాడు. "పిల్ల మోరీల ఉన్నదని మా ఆమెనే చెప్పిందంటున్నరు సారూ. ఇంకేమన్న చెప్పిందా?"

ఆమె చెప్పిందన్న మాట ఆస్పత్రిలో ఎవరి నోట పుట్టిందో నాకు తెలియదు. ఎవరికైనా సులువుగా అర్థమయ్యే మాట అదే కదా. నేను కాదనలేదు, అవుననలేదు. ఇప్పుడిక నిజం చెప్పక తప్పదని, ఆమెకు అసలు స్పృహే రాలేదయ్యా అనబోయాను.

శ్రీహర్ష పిల్ల వంక చూస్తున్నాడు. పిల్ల చెయ్యి మళ్లీ గాల్లో వెతుకుతోంది.

"పాపకి చెవి కావాలండి" అన్నాడు. తన తణుకు యాసలోనే, తన మామూలు గొంతుతోనే. "చెవి పట్టుకుంటే గానీ పడుకోదండి. కమ్మ లేని చెవి ఇవ్వాలండి, కమ్మ ఉంటే లాగేస్తుంది. వంగి మీ చెవి అందివ్వండి."

శ్రీశైలం అర్థం కానట్టు నిలబడ్డాడు. తర్వాత మంచం ఊచల మీదుగా వంగి చెంప పిల్ల వైపు పెట్టాడు. పిల్ల చెయ్యి అతని ముక్కుకు తగిలింది, చెంపకు తగిలింది, చెవి దొరికింది. చెవి తమ్మెను వేళ్ల మధ్య పట్టుకుని నలపడం మొదలుపెట్టింది. ఎక్కిళ్లు ఆగిపోయాయి. చూస్తుండగానే కళ్లు మూసుకుంది. అమ్మమ్మ తన చెవికున్న కమ్మను తడుముకుని గోడవైపు తిరిగి ఏడ్చింది.

శ్రీహర్షను కారిడార్లోకి లాక్కొచ్చాను. ఎవరు చెప్పారు నీకు అన్నాను.

"ఆవిడే కదా మేడం. పిట్టమ్మ ఏదని అడిగినప్పుడు, దాంతోపాటే చెప్పిందండి. మీరంతా అక్కడే ఉన్నారు కదండీ."

ఆ క్షణం తనకేమీ గుర్తు లేదన్నవాడు. ఆ సంగతి గుర్తుచేస్తే తల పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా, ఏమో మేడం, ఆ పూటకి తెలుసు, అంతే అంటాడు.

నేను అక్కడే ఉన్నాను. చెవి మాట నేను వినలేదు, ఇంకెవరూ వినలేదు. పిల్ల చెయ్యి గాల్లో వెతకడం చూసి అతనే ఊహించి ఉండొచ్చని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. మేమంతా రోజుల తరబడి చూశాం, మాకు తోచలేదు. తలుపు దాటి లోపలికి రాగానే అతనికి తోచింది. పోనీ అది ఊహే అనుకుందాం. కమ్మ సంగతి? పొద్దున డ్రిల్లు సంగతి? నా చదువులో దీనికి జవాబు లేదు, మా అమ్మమ్మ దయ్యాల కథల్లోనూ లేదు. ఇన్నాళ్లయినా నాకు ఏ దారీ దొరకలేదు. ఇకపై దొరుకుతుందన్న ఆశ కూడా లేదు.

శ్రీహర్షకు మంచినీళ్లు ఇచ్చి, కాస్త తేరుకున్నాక పంపించి, నేను మళ్లీ వార్డులోకి వెళ్లాను. పిల్ల గాఢ నిద్రలో ఉంది. శ్రీశైలం ఊచల మీద అలాగే వంగి ఉన్నాడు. చాలాసేపటి నుంచి అలా ఉన్నాడేమో, కాళ్లు వణుకుతున్నాయి. కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

"వద్దు డాక్టరమ్మా," అన్నాడు తల కదపకుండా, "లేస్తది."